మా గుట్ట మీద నాటిన మొక్కలన్నీ ఎండిపోతున్నాయి: బోడి కొండను మళ్ళీ పచ్చగా చేయడానికి నిజంగా ఏం చేయాలి?

చిత్రావతి_ఒడ్డు
మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో, అంటే పాత అనంతపురం జిల్లా దక్షిణ భాగంలో ఉంది. ఊరికి పడమటగా కొన్ని వందల ఎకరాల గుట్ట ఉంది. రెవెన్యూ రికార్డుల్లో అది బంజరుగా నమోదై ఉంది. మా తాతల కాలంలో దాని మీద నారేపి, చండ్ర, బలుసు దట్టంగా ఉండేవని, ఇళ్ళు కప్పడానికి బోదగడ్డి అక్కడి నుంచే తెచ్చుకునేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు రాళ్ళు, అక్కడక్కడ తంగేడు, దిగువన సీమజాలి (సర్కారు తుమ్మ) తప్ప ఏమీ లేవు. గట్టి వాన పడిన ప్రతిసారీ ఎర్రనీళ్ళు ఒక్క ఉదుటున దిగి వచ్చి చెరువును మేటతో నింపుతున్నాయి. వేర్వేరు పథకాల కింద అక్కడ మొక్కలు నాటారు. నాటిన సంఖ్య బోర్డు మీద ఉంది కానీ, బతికిన సంఖ్య ఎవరూ రాయలేదు. వేసవికల్లా ఖాళీ గుంతలే మిగిలాయి. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన మాత్రమే పడే చోట, మట్టి కొట్టుకుపోయిన గుట్ట మీద చెట్లు తిరిగి రావడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను. గ్రామసభలో ఈ విషయం పెట్టాలనుకుంటున్నాం.

విత్తన_బంతి
విత్తన బంతులు చల్లండి. మట్టి, పేడ, విత్తనం కలిపి ఉండలు చేసి తొలకరికి ముందు గుట్ట అంతా విసిరితే ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ. బడి పిల్లలు కూడా ఉత్సాహంగా పాల్గొంటారు. ఇప్పుడు డ్రోన్లతో కూడా చల్లుతున్నారు.

వనసేవకుడు
విత్తన బంతుల వల్ల కీడు లేదు గానీ, గట్టిపడిన నేల మీద పడిన బంతి మొలకెత్తినా దాని వేరు లోపలికి దిగలేదు. నేను అటవీ క్షేత్ర ఉద్యోగంలో రాయలసీమ గుట్టల మీదే ఎక్కువ కాలం పనిచేసి విరమించాను. చిత్రావతి_ఒడ్డు గారి మొక్కలు ఎందుకు చనిపోయాయో నాకు కొంత తెలుసు కనుక వివరంగా రాస్తున్నాను.

మొదటి కారణం నాటే కాలం. దేశమంతటా వనమహోత్సవం జులై మొదటి వారంలో జరుపుతారు. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ దాన్ని ప్రారంభించినప్పటి నుంచి అదే ఆనవాయితీ. జూన్, జులైలలో నైరుతి వర్షాలు బాగా పడే ప్రాంతాలకు ఆ తేదీ సరిపోతుంది. అనంతపురం పడమటి కనుమల చాటున వర్షచ్ఛాయలో, అంటే కొండలు వానమేఘాలను అడ్డుకునే వైపున, ఉన్న ప్రాంతం. ఇక్కడ జూన్, జులైలలో వాన కన్నా గాలి ఎక్కువ. ఎక్కువ వర్షం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. జులైలో నాటిన మొక్క వేరూనకముందే ఎండగాలికి దొరికిపోతుంది. మా దగ్గర నేల ఒక జానెడు లోతు వరకు తడిసిన తర్వాతే నాటించేవాళ్ళం, అది ఆగస్టు చివరైనా సరే.

రెండో కారణం మొక్క. చిన్న సంచిలో ఎక్కువ కాలం ఉంచిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు తిరిగిపోతుంది. దాన్ని అలాగే గుంతలో పెడితే ఆ వేరు ఇక నిటారుగా దిగదు. పైన పచ్చగా కనిపించినా మార్చి నెలకు చచ్చిపోతుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తేమ. గుట్ట మీద వాన నీరు ఆగకుండా ఎంత మంచి మొక్క పెట్టినా ప్రయోజనం లేదు. ముందు నీటిని ఆపాలి, తర్వాత గడ్డిని రానివ్వాలి, ఆ తర్వాతే చెట్టు. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా జరుగుతోంది.

హగరి_ఇసుక
వనసేవకుడు గారు చెప్పిన నాటే కాలం సంగతి అక్షరాలా నిజం. మాది బొమ్మనహాళ్ మండలం. వేదవతి హగరి నది ఇసుక గాలికి లేచి దర్గా హొన్నూరు వైపు పొలాల మీద మేటలు వేయడం చూస్తూ పెరిగాం. ఎడారి అంటే రాజస్థాన్ అనుకునేవారు ఒకసారి జూన్ నెలలో మా వైపు రావాలి.

భూగర్భ_జలం
హగరి_ఇసుక గారు చెప్పినది ఎడారీకరణలో ఒక రూపం మాత్రమే. ఇస్రోకు చెందిన అంతరిక్ష అనువర్తన కేంద్రం 2021లో విడుదల చేసిన అట్లాసు ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9.785 కోట్ల హెక్టార్ల నేల క్షీణించింది. అది దేశ భూభాగంలో దాదాపు 30 శాతం. అందులో గాలి కోత వాటా కన్నా నీటి కోత వాటా ఎక్కువ. చిత్రావతి_ఒడ్డు గారి చెరువులోకి దిగుతున్న ఎర్రనీళ్ళు కూడా ఎడారీకరణే. ఎడారీకరణపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1994లో ఆమోదం పొందినప్పుడు దాన్ని శుష్క, అర్ధశుష్క వంటి పొడి ప్రాంతాల్లో నేల క్షీణించడంగానే నిర్వచించారు, ఇసుక వ్యాపించడంగా కాదు.

ఇక చేయాల్సిన పని విషయానికి వస్తాను. వాటర్‌షెడ్ (వాన నీటిని, మట్టిని పడిన చోటే ఆపే) పనుల్లో ఉన్నవారందరికీ తెలిసిన సూత్రం ఏమిటంటే పని శిఖరం నుంచి మొదలై లోయకు దిగాలి. చాలా ఊళ్ళలో ముందు వాగు మీద చెక్‌డ్యాము కడతారు, ఎందుకంటే అది కనిపిస్తుంది, శంకుస్థాపనకు వీలవుతుంది. పై నుంచి మట్టి రావడం ఆగకపోతే కొద్ది కాలంలోనే ఆ డ్యాము పూడిపోతుంది.

గుట్ట పైభాగంలో సమోన్నత రేఖల వెంబడి, అంటే ఒకే ఎత్తులో సాగే గీతల వెంట, కందకాలు తవ్వాలి. అర మీటరు లోతు, అర మీటరు వెడల్పు, రెండు నుంచి నాలుగు మీటర్ల పొడవు ఉంటే చాలు. పై వరుసలో రెండు కందకాల మధ్య వదిలిన ఖాళీకి సరిగ్గా కింద, తర్వాతి వరుసలో కందకం రావాలి. అప్పుడు పై వరుసను తప్పించుకున్న నీరు కింది వరుసలో పడుతుంది. తవ్విన మట్టిని కందకానికి దిగువ వైపు కట్టగా వేయాలి. సమమట్టం చూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. మూడు కర్రలను ఇంగ్లీషు ఏ అక్షరం ఆకారంలో కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీస్తే సరిపోతుంది. మట్టం తప్పితే మాత్రం కందకమే కాలువై కోతను పెంచుతుంది. ఆ పొరపాటు చాలా చోట్ల చూశాను.

మరీ నిటారుగా ఉన్న చోట్ల తవ్వకండి. అక్కడ రాళ్ళను వరుసగా పేర్చడం మేలు. పాయలు చీలిన చోట్ల చిన్న చిన్న రాతి కట్టలు, పై నుంచి కిందికి వరుసగా వేసుకుంటూ రావాలి.

నల్లరేగడి
ఈ పనులకు డబ్బు ఎక్కడిది? పంచాయతీ దగ్గర కరెంటు బిల్లు కట్టడానికే లేవు.

భూగర్భ_జలం
నల్లరేగడి గారు, కందకాలు, రాతి కట్టలు ఉపాధి హామీ పనుల్లో ఉన్నాయి. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా ప్రారంభించింది మీ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. డబ్బు కన్నా పెద్ద కొరత, పని ఎక్కడ మొదలుపెట్టాలో ఊరు ముందే నిర్ణయించుకోకపోవడం.

కొండగొర్రె
అందరూ కందకాలు, మొక్కలు అంటున్నారు. ఒక్కరైనా గొర్రెల గురించి అడగలేదు. మా కుటుంబానికి భూమి లేదు, మంద మాత్రమే ఉంది. గుట్ట చుట్టూ కంచె వేసి మొక్కలు నాటగానే ముందుగా మాకు దారి మూస్తారు. మా నాన్నకు రెండుసార్లు జరిమానా వేశారు. ఆ మొక్కలు ఎలాగూ బతకలేదు, ఆ రెండేళ్ళు మేత లేక మేం సగం మందను అమ్ముకున్నాం. కొండ బోడి కావడానికి కారణం గొర్రెలే అని రాసేవారు, అదే కొండ నుంచి ఇటుక బట్టీలకు లారీలతో కట్టెలు వెళ్ళిన రోజులను ఎందుకు గుర్తు చేసుకోరు?

వనసేవకుడు
కొండగొర్రె గారి మాటలో న్యాయం ఉంది. కట్టె, బొగ్గు కోసం జరిగిన నరుకుడే మొదటి దెబ్బ. కానీ నరికిన మోడు మళ్ళీ చిగురిస్తుంది, ఆ చిగురును ఏటా మేపితే మాత్రం పది పదిహేనేళ్ళకు వేరు కూడా చచ్చిపోతుంది. కనుక మేత ప్రశ్న తప్పించుకోగలిగేది కాదు. కాపరిని దొంగలా చూసిన చోట మాత్రం ఏ అడవీ నిలవలేదు, ఇది నా ఉద్యోగంలో కళ్ళారా చూసిన సంగతి.

కదిరి_టీచరమ్మ
చిత్రావతి_ఒడ్డు గారు, మీరు దూరం వెళ్ళనక్కరలేదు. మీ జిల్లాలోనే కల్పవల్లి ఉంది. ముష్టికోవెల పరిసరాల్లోని గుట్టలవి. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కలిసి 1990ల తొలి సంవత్సరాల నుంచి కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు 7,000 ఎకరాలకు పైగా విస్తరించింది. నేను మా బడి పిల్లలను తీసుకెళ్ళినప్పుడు అక్కడి ఒక పెద్దాయన చెప్పిన మాట వినండి. తాము నాటింది తక్కువ, కాపలా కాసింది ఎక్కువ అన్నారాయన. నేలలో బతికి ఉన్న వేర్లు, పక్షులు తెచ్చిన గింజలు, గాలికి వచ్చిన గింజలు, వీటికి అవకాశం ఇస్తే చాలావరకు అడవి తనే వచ్చిందట.

వాళ్ళు ప్రధానంగా చేసినవి ఏమిటంటే ఊరి నుంచే కాపలాదార్లను పెట్టుకోవడం, వేసవి రాకముందే ఎండుగడ్డిని బాటలుగా కోసి నిప్పు పాకకుండా అడ్డుగీతలు వేయడం, గొడ్డలిని ఆపడం. గడ్డి బాగా పెరిగాక పశువులు మేపుకోవడానికి చాలా ఊళ్ళ నుంచి వస్తారు. బోదగడ్డి ఇళ్ళ కప్పులకు పనికివస్తుంది. వాగుల వెంట ఈత చెట్లు పెరిగాయి, వాటి ఆకుతో బుట్టలు, చీపుర్లు అల్లుకుంటారు. తోడేళ్ళు కూడా అక్కడ బతుకుతున్నాయి. చెట్ల పెంపకందారుల సహకార సంఘం పేరుతో ఊరివాళ్ళకే పెత్తనం ఉంది. మీ ఊరి నుంచి ఒక పది మంది, ముఖ్యంగా కాపరులు, ఒకసారి అక్కడికి వెళ్ళి మాట్లాడి రండి. మా పిల్లలకు ఏడాది పాఠం చెప్పినా అర్థం కానిది అక్కడ ఒక్క పూటలో అర్థమైంది.

చిత్రావతి_ఒడ్డు
టీచరమ్మ గారికి ధన్యవాదాలు. కల్పవల్లి పేరు విన్నాను గానీ, నాటడం కన్నా కాపలా ఎక్కువ అనే సంగతి నాకు కొత్త. మా గుట్ట మీద కూడా రాళ్ళ సందుల్లో చండ్ర మోళ్ళు ఏటా వానకు చిగురిస్తాయి, సంక్రాంతికల్లా కనబడకుండా పోతాయి.

వనసేవకుడు
ఆ మోళ్ళే మీ ఆస్తి. అవి చిగురిస్తున్నాయంటే వేరు బతికే ఉంది. కొత్తగా నాటిన మొక్క ఆ లోతుకు వేరు దింపడానికి ఏళ్ళు పడుతుంది. మోడుకు వచ్చిన పిలకల్లో బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగిలినవి కోసేయండి. దాని చుట్టూ రాళ్ళతో అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేయండి. మీ దగ్గర ఉన్న డబ్బులో ఎక్కువ భాగం దీనికే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

పచ్చికబయలు
ఈ చర్చలో ఒక ప్రమాదం కనిపిస్తోంది కనుక రాస్తున్నాను. చెట్లు లేని ప్రతి గుట్టా పాడైపోయిన గుట్ట కాదు. దక్కను పీఠభూమిలో సహజంగానే గడ్డి మైదానాలు, ముళ్ళ పొదల నేలలు ఉన్నాయి. నక్క, తోడేలు, కృష్ణజింక, బట్టమేక పిట్ట అక్కడే బతుకుతాయి. బ్రిటిషు వారి కాలంలో శిస్తు రాని నేలనంతా బంజరు ఖాతాలో వేశారు, మనం ఇప్పటికీ అదే ఖాతా పట్టుకుని అక్కడ చెట్లు నాటుతున్నాం. పాత కర్నూలు జిల్లా (ఇప్పటి నంద్యాల జిల్లా) రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పాటు చేసింది బట్టమేక పిట్ట కోసం. దానికి కావలసింది బహిరంగ పచ్చిక, దట్టమైన తోట కాదు. ఆ పిట్ట ఇప్పుడు మన రాష్ట్రంలో దాదాపు కనుమరుగైంది. చిత్రావతి_ఒడ్డు గారి గుట్ట మీద నిజంగా అడవి ఉండేదని పెద్దలు చెబుతున్నారు కాబట్టి అక్కడ చెట్లకు నాకు అభ్యంతరం లేదు. కానీ గుట్ట పాదం దగ్గరి గడ్డి నేలలో నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ లాంటివి నాటితే మాత్రం అది పునరుద్ధరణ కాదు, రెండో విధ్వంసం.

విత్తన_బంతి
పచ్చికబయలు గారు, ఏ చెట్టయినా చెట్టు లేకపోవడం కన్నా మేలే కదా? కార్బన్ పీల్చుకుంటుంది, నీడ ఇస్తుంది. నీలగిరి నాలుగేళ్ళలో పెరుగుతుంది, పంచాయతీకి ఆదాయం కూడా వస్తుంది.

భూగర్భ_జలం
ఇక్కడ విత్తన_బంతి గారితో విభేదిస్తాను. ప్రతి చెట్టూ నీరు తాగుతుంది. వేగంగా పెరిగే చెట్టు ఇంకా ఎక్కువ తాగుతుంది. 550 మి.మీ. వానలో ఆ లెక్క చూడకుండా నాటడం కుదరదు.

చైనాలో జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. ఉత్తర ప్రాంతాల్లో ఎడారిని ఆపడానికి 1978లో మొదలుపెట్టిన రక్షక వనాల పథకం 2050 వరకు సాగాలని ప్రణాళిక. పొడి ప్రాంతాల్లో ఒకే రకం పోప్లర్ చెట్లను దట్టంగా నాటిన చోట్ల చాలా చెట్లు ఎదగక గిడసబారాయి, కొన్ని చోట్ల తెగులు సోకి చచ్చిపోయాయి. మరోవైపు అదే దేశంలో, గాలి తెచ్చిన మెత్తటి మట్టి పేరుకున్న లోయెస్ పీఠభూమిలో వాలు పొలాల్లో సాగు ఆపి, మేకల స్వేచ్ఛా మేతను నిషేధించి, మెట్ల పొలాలు చేసి, గడ్డినీ పొదలనూ రానిచ్చారు. 1999 నుంచి వాలు నేలలో సాగు వదిలిన రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చే పథకం కూడా నడిచింది. కొండలు పచ్చబడ్డాయి, పసుపు నదిలోకి చేరే ఒండ్రు బాగా తగ్గింది. అయితే 2016లో వెలువడిన ఒక పరిశోధన ఆ ప్రాంతంలో పచ్చదనం అక్కడి నీటి వనరుల హద్దును సమీపిస్తోందని హెచ్చరించింది. అంటే విజయం సాధించిన చోట కూడా ఇంకా ఎన్ని చెట్లు అనే ప్రశ్నకు నీరే జవాబు చెబుతుంది.

డెహ్రాడూన్_తెలుగు
మాది ప్రకాశం జిల్లా, ఉద్యోగరీత్యా చాలా కాలంగా డెహ్రాడూన్‌లో ఉంటున్నాను. ముస్సోరీ కొండలను సున్నపురాయి గనులు ఎలా తొలిచేశాయో ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1985లో సుప్రీంకోర్టు చాలా గనులను మూయించింది. 1982లో ఏర్పడిన 127వ టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ బెటాలియన్ ఆ కొండల మీద మొక్కలు నాటి కాపాడింది. ఎక్కువగా మాజీ సైనికులతో నడిచే దళం అది. తెల్లగా గీరినట్టు ఉండే వాలులు ఇప్పుడు పచ్చగా కనిపిస్తాయి. ఇక్కడ వాన మీ కన్నా చాలా రెట్లు ఎక్కువ కనుక పద్ధతిని యథాతథంగా తీసుకోలేం. కానీ ఒక విషయం మాత్రం తీసుకోవచ్చు. ఒకే దళం ఏళ్ళ తరబడి అదే కొండ మీద ఉంది. నాటినవాళ్ళే నీళ్ళు పోశారు, చచ్చిన మొక్క స్థానంలో మళ్ళీ వాళ్ళే నాటారు.

నల్లరేగడి
మా మండలంలో నాటేది ఒక కాంట్రాక్టరు, నీళ్ళు పోసేది ఇంకొకరు, లెక్క రాసేది మూడోవారు. డెహ్రాడూన్_తెలుగు గారు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం.

సీమ_రైతు
సీమజాలి గురించి ఎవరూ మాట్లాడడం లేదు. దాన్ని వేళ్ళతో సహా పీకేయకుండా ఏ చెట్టూ రాదని మా అనుభవం. అది మన కడప జిల్లా కమలాపురం దగ్గరే 1877లో దేశంలో మొదట నాటారని చదివాను. కట్టె కరువు తీర్చడానికి తెచ్చినది ఇప్పుడు చెరువులను, పొలాలను మింగేస్తోంది.

కొండగొర్రె
సీమజాలి కాయలే ఎండాకాలం మా గొర్రెలను బతికిస్తాయి. దాన్ని ఒక్కసారిగా పీకితే మా ఊళ్ళో పొయ్యి కూడా వెలగదు. బొగ్గు కాల్చి బతికే ఇళ్ళు కూడా ఉన్నాయి.

వనసేవకుడు
ఇద్దరి మాటా నిజమే కనుక మధ్యే మార్గం చెబుతాను. కొండ పైభాగంలోకి సీమజాలి రాకుండా చూడండి, మొలకగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయండి. దిగువన ఇప్పటికే దట్టంగా ఉన్నదాన్ని ఏటా కొంత చొప్పున కొట్టి, ఖాళీ అయిన చోట కానుగ, వేప, నల్లతుమ్మ, రేగు పెట్టండి. ఒకేసారి మొత్తం తీస్తే రెండు నష్టాలు. వాన కోతకు ఆ నేల బోసిపోతుంది, కట్టె కోసం జనం మళ్ళీ పైకొండ మీద పడతారు.

పొయ్యి_కాడ
చివరి వాక్యం దగ్గర ఆగి అందరూ ఆలోచించాలి. కట్టెల మోపు మోసేది ఆడవాళ్ళం. గుట్టను మూసేయాలని గ్రామసభలో తీర్మానం చేసేది మగవాళ్ళు. మా ఊళ్ళో అలాంటి తీర్మానం జరిగాక మేం ఇంకో గుట్టకు రెట్టింపు దూరం నడిచాం, ఆ గుట్ట కూడా బోడి అయింది. గ్యాసు బండ ఉన్నా సగం వంట కట్టెల మీదే సాగుతోంది, ఎందుకంటే బండ నింపించడానికి ప్రతి నెలా డబ్బు ఉండదు. చిత్రావతి_ఒడ్డు గారు మీ సభ పెట్టేముందు మీ ఊరి ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి, వాళ్ళు ఏ వైపు నుంచి ఎంత కట్టె తెస్తారో అడగండి. ఎండుపుల్లలు ఏరుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. గొడ్డలి వద్దంటే మేం ఒప్పుకుంటాం, చేతులు కట్టుకోమంటే ఒప్పుకోలేం.

కదిరి_టీచరమ్మ
పొయ్యి_కాడ గారు రాసినది ఈ చర్చలో అత్యంత ముఖ్యమైనది. మొక్కల పేర్ల కన్నా ముందు ఇది తేలాలి.

డెహ్రాడూన్_తెలుగు
దీనికి సరిపోయే పాత ఉదాహరణ ఒకటి ఉంది. హర్యానాలో, చండీగఢ్ దగ్గర శివాలిక్ పర్వతపాదాల్లో సుఖోమాజ్రీ అనే ఊరు. ఆ కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టితో చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడిపోతుంటే, నేల సంరక్షణ నిపుణుడు పి.ఆర్. మిశ్రా 1970లలో కారణం వెతుక్కుంటూ ఆ ఊరు చేరారు. మేకలను ఆపమని చెప్పడానికి బదులు అక్కడ చిన్న మట్టి ఆనకట్టలు కట్టించారు. పొలాలకు నీళ్ళు రావడం మొదలయ్యాక, కొండ మీద మేపితే తమ ఆనకట్టే పూడుతుందని ఊరివాళ్ళకే అర్థమైంది. కంచె లేకుండానే మేత ఆగింది. దానికన్నా గొప్ప విషయం, భూమి లేని ఇళ్ళకు కూడా నీటిలో సమాన వాటా ఇచ్చారు. తమ వాటాను వాళ్ళు ఇతరులకు అమ్ముకోవచ్చు. కొండను కాపాడే భారం అందరిదీ అయినప్పుడు, లాభం కూడా అందరికీ రావాలన్నది అక్కడి లెక్క.

కొండగొర్రె
మా ఊళ్ళో ఎవరైనా ఆ లెక్క చెబితే నేనే ముందు సంతకం పెడతాను. గుట్ట మూసిన ఏళ్ళలో కోసిన గడ్డి మోపులు మాకు ఉచితంగా ఇస్తామని, మూడో వంతు గుట్ట చొప్పున మార్చి మార్చి మూస్తామని రాయండి. మొత్తం ఒకేసారి మూయకండి.

పచ్చికబయలు
కొండగొర్రె గారి మూడో వంతు ప్రతిపాదన శాస్త్రీయంగా కూడా సరైనదే. మేత పూర్తిగా ఆగిపోయిన గడ్డి నేల కొన్నేళ్ళకు ఎండుగడ్డితో నిండి, ఒక్క నిప్పురవ్వకు కొండంతా తగలబడుతుంది. వానాకాలం మూసి, గడ్డి విత్తనం రాలాక కొంత మేపడం నేలకు మంచిది.

నల్లరేగడి
ఇంత చేశాక ఆ భూమిని ఇంకెవరికో ఇచ్చేస్తే? అడగడానికి కారణం ఉంది. కల్పవల్లి గుట్టల మీద కూడా 2010 తర్వాత గాలిమరలు వచ్చాయి. రికార్డుల్లో బంజరు కాబట్టి కేటాయింపు సులువైంది. గాలిమరల కోసం కొండలను కోసి రోడ్లు వేశారు, వ్యవహారం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాను. కానీ జనం చేతులతో పెంచిన అడవికి కాగితం మీద విలువ లేకపోవడం భయపెడుతోంది.

వనసేవకుడు
నల్లరేగడి గారి భయం అర్థవంతమైనదే. రిజర్వు అటవీ భూమి అయితే వన సంరక్షణ సమితులు, 2006 అటవీ హక్కుల చట్టం వంటివి కొంత ఆధారమవుతాయి. రెవెన్యూ బంజరుకు ఆ రక్షణ లేదు. కనీసం మూడు పనులు చేయండి. గ్రామసభ తీర్మానంలో ఆ గుట్టను ఊరి ఉమ్మడి మేత భూమిగా, కట్టె భూమిగా సర్వే నంబర్లతో సహా రాయండి. జిల్లా కలెక్టరుకు ఆ ప్రతిని అందజేసి రసీదు తీసుకోండి. చేసిన ప్రతి పనినీ, వచ్చిన ప్రతి చెట్టు జాతినీ ఏటా ఫొటోలతో నమోదు చేయండి. రేపు ఎవరైనా అక్కడ ఏమీ లేదని రాసినప్పుడు చూపడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

విత్తన_బంతి
ఇంతమంది చెప్పాక ఒక ప్రశ్న అడుగుతాను. విత్తనం చల్లడానికి అసలు చోటే లేదా? మా మిత్రబృందం సేకరించిన విత్తనాలు బస్తాల్లో ఉన్నాయి.

వనసేవకుడు
తప్పకుండా ఉంది. కందకం తవ్విన మట్టికట్ట మీద నేల గుల్లగా, తడిగా ఉంటుంది. మీ విత్తనానికి అదే సరైన చోటు. చండ్ర, తుమ్మ, రేగు లాంటి గట్టి పెంకు గింజలను ముందు రాత్రి వేడి నీటిలో వేసి ఉంచి చల్లండి. మేకల దొడ్డిలో రాలిన తుమ్మ గింజలు సులువుగా మొలవడం మీరు చూసే ఉంటారు, వాటినీ ఏరుకోవచ్చు. నారేపి గింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు, పైగా అది ఏటా బాగా కాయదు. కాసిన ఏడు పట్టుకుని వెంటనే వేయాలి. బస్తాల్లో పాతవి ఉంటే ముందు కొన్నింటిని తడిగుడ్డలో కట్టి మొలకశాతం చూసుకోండి.

చిత్రావతి_ఒడ్డు
అందరి మాటలు అచ్చు తీయించి నిన్న ఊళ్ళో చదివి వినిపించాం. పొయ్యి_కాడ గారు చెప్పినట్టు ఆడవాళ్ళను విడిగా అడిగితే, ఉత్తరపు వాలు నుంచి ఎవరూ కట్టె తేవడం లేదని, అక్కడ మిగిలింది మోళ్ళేనని తెలిసింది. మంద దారి కూడా ఆ వైపు లేదు. అందుకని ముందు ఉత్తరపు వాలు ఒక్కటే మూయాలని, పైవరుస కందకాలు ఉపాధి హామీ కింద అడగాలని, ఈ ఏడాది సంచి మొక్కలు అసలు తీసుకోకూడదని అనుకున్నాం. కాపలాకు కాపరుల ఇళ్ళ నుంచే ఇద్దరిని పెట్టి, జీతం ఇంటికి ఇంత చొప్పున పోగుచేయాలని ప్రతిపాదన వచ్చింది. దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. ఒక సందేహం మిగిలింది. కందకాల కట్టల మీద బోదగడ్డి వేయాలంటే విత్తనం చల్లాలా, దుబ్బులు పెట్టాలా?

కదిరి_టీచరమ్మ
దుబ్బులే మేలని కల్పవల్లి పెద్దాయన మాకు చెప్పారు. గుట్ట రాళ్ళ సందుల్లో మిగిలిన బోదగడ్డి దుబ్బును వేరుతో సహా విడదీసి, సెప్టెంబరు వానల్లో కట్ట దిగువ అంచున వరుసగా పెట్టాలట. కాపలా జీతం వాదన తేలకపోతే కాపరులనే వెంటబెట్టుకుని ఒక ఆదివారం ముష్టికోవెల వెళ్ళండి. అక్కడ ఎలా ఇస్తున్నారో వాళ్ళ నోటి నుంచే వింటే మీ సభ త్వరగా ముగుస్తుంది.

కొండగొర్రె
ఆ ఆదివారం ఏదో ఇక్కడ రాయండి. మా ఊరి నుంచి మేం కూడా ఇద్దరం వస్తాం.